తప్పినవారి పేరు చెప్పని మాస్టారు

ఆమధ్య ఒక పొద్దున్నే మా కోలాటం గ్రూపులో ఒక మెసేజీ వచ్చింది. జోడించిన చేతులు, వెలుగుతున్న దీపం, వాటి కింద "గురువుగారి లోటు తీరనిది" అన్న ముక్క. పెట్టినావిడ మా పెద్ద టీచరుగారు. హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి, మా తెనాలి బృందానికి మొదటినుంచీ నాయకురాలు. ఆ ముక్క కింద వరసబెట్టి దండాలు, పువ్వులు, కన్నీటి బొమ్మలు. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అనలేదు. మాస్టారికి వయసైపోయింది, పిలుపు అందడం లేదు అని ఆయన్ని సాగనంపింది ఈ చేతులే మరి.

నేను ఫోను బల్ల మీద బోర్లించి కాఫీ కలుపుకున్నాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. నాకు ఆయనతో ఒక లెక్క మిగిలి ఉంది. అది తేల్చకుండానే పోయారు.

ఆ గ్రూపులో లేని మనిషికి ఈ కబురు ఎవరూ చెప్పరని తెలుసు కనుక సుధకి నేనే ఫోన్ చేశాను. వడ్లమూడి యూనివర్సిటీలో లెక్చరరు. ఒకప్పుడు మాతో కోలాటం వేసి, మానేసిన అమ్మాయి. కబురు విని, రేపల్లె ఎప్పుడు వెళుతున్నారాంటీ అని మాత్రం అడిగింది.

మాస్టారిది రేపల్లె దగ్గర ఒక పల్లె. ఆయన ఎక్కడ నేర్చుకున్నారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో నాకు తెలియదు. అడిగితే "పెద్దవాళ్ళు వేస్తుంటే చూశానమ్మా" అనేవారు, అంతే. రేపల్లె పాసింజరు దిగి, స్టేషన్ నుంచి నడిచి, మేము సాధన చేసే డాబా మెట్లెక్కేవారు. పైకి రాగానే చెప్పులు విప్పేసేవారు. అది ఉత్త సిమెంటు డాబా, ఎండకి కాళ్ళు కాలతాయి మాస్టారూ అన్నా వినేవారు కాదు. తువ్వాలు నడుముకి బిగించి, విజిల్ నోటి మూలన పెట్టుకునేవారు. దాన్ని తియ్యకుండానే మాట్లాడేవారు. దాంతో ఆయన మాటల్లో అక్కడక్కడా సన్నగా ఈల వినపడేది. కొత్తగా చేరినవాళ్ళు నవ్వు ఆపుకోలేక తాళం తప్పేవారు. ఆయనకి అదేమీ పట్టేది కాదు. మంచినీళ్ళిస్తే పక్కన పెట్టించి, క్లాసు అయ్యాకే తాగేవారు.

కోలాటంలో ఒక్కో అల్లికనీ కోపు అంటారు. ఒక కోపు నడుస్తుండగానే తర్వాతి కోపు ఏమిటో గురువు పిలవాలి. మరీ ముందు పిలిస్తే జనం అప్పుడే తిరిగేస్తారు. ఆలస్యమైతే ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటారు. మాస్టారి పిలుపు సరిగ్గా మన కాలు గాలిలో ఉన్నప్పుడు వచ్చి చెవిన పడేది. కాలు కింద ఆనేసరికి ఎటు వెళ్ళాలో దానికే తెలిసిపోయేది. ఇది నేను చాలామంది దగ్గర చూశాను కానీ, అంత కచ్చితంగా ఎవరి దగ్గరా చూడలేదు. చచ్చిన మనిషి కదా అని చెప్పడం కాదు, నిజం.

ఇక ఆయనతో నా పేచీ సంగతి.

మా డాబా మీదకి అన్ని రకాలవాళ్ళూ వచ్చేవారు. చిన్నప్పటినుంచీ భజనల్లో వేసినవాళ్ళు, మోకాళ్ళ నొప్పులకి డాక్టరు నడవమంటే నడక బదులు ఇది నయమని వచ్చినవాళ్ళు, టీవీలో చూసి ముచ్చటపడి వచ్చినవాళ్ళు. ఎక్కడైనా ఏం చేస్తారు? ఆట వచ్చినవాళ్ళని ఒక జట్టు, రానివాళ్ళని ఒక జట్టు చేస్తారు. ఈయన చెయ్యరు. కుడిచెయ్యేదో ఎడమచెయ్యేదో తెలియనావిడని తెచ్చి, బాగా వేసేవాళ్ళకి జత కట్టేవారు. నేను బాగా వేస్తానని ఆయనే అనేవారు. ఆ ఖర్మానికి ఎప్పుడూ నాకు కొత్తవాళ్ళే. నేను ఒక కోపు తృప్తిగా వేద్దామనుకునేసరికి నా ఎదురుగా ఉన్నావిడ కర్ర నా చిటికెన వేలు మీద పడేది. ఆవిడకి కాస్త చెయ్యి తిరగ్గానే తీసుకెళ్ళి ఇంకొకరి పక్కన పెట్టి, నాకు ఇంకో కొత్తావిడని అంటగట్టేవారు. వండినమ్మ గంజి తాగి పడుకున్నట్టుండేది నా పని.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. నాకొక్కసారైనా వచ్చినవాళ్ళని జత ఇవ్వొచ్చు కదా మాస్టారూ అని. ఆయన విజిల్ నోట్లోంచి తీశారు. ఆయన విజిల్ తీశారంటే ఆ మాట ఖాయం చేసి చెబుతున్నారని అర్థం. "కొత్తనీరు పాతనీటిని కొట్టుకుపోతే ఎట్టాగమ్మా, కలుపుకుపోవాలి గానీ" అన్నారు.  మళ్ళీ ఈల వేసి అందరినీ మొదటికి పిలిచారు.

రెండో పద్ధతి ఇంకా విచిత్రం. ఎవరు తప్పినా పేరు పెట్టి అనరు. నేను పోస్టాఫీసు కౌంటర్లో పనిచేస్తాను. పిన్‌కోడ్ రాయలేదండి, సంతకం ఇక్కడ కాదండి, అని రోజంతా మొహం మీద చెప్పడమే నా పని. చెప్పకపోతే ఆ ఉత్తరం ఎక్కడికీ చేరదు. ఈయన దగ్గర అది చెల్లదు. ఒకావిడ ఎడమకి పోవలసింది కుడికి పోయి నలుగురిని కలిపి కుప్పగా చేసినా సరే, "లోపలివారు ఎడమకమ్మా" అని వలయం మొత్తానికీ చెప్పేవారు. తప్పినావిడ ఎవరో తెలియక అందరూ ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకునేవారు. అలా చూసుకుంటూ ఆ తప్పినావిడ కూడా సర్దుకునేది. సర్దుకోనివాళ్ళు ఉండేవారు. వాళ్ళతో నెలలు గడిచేవి. పేరు పెట్టి ఒక్కసారి చెబితే అయిపోయే పనికి నెలలు.

ఆయన మాట ఒకటుంది: "కాలు తప్పినా ఫరవాలేదు, మొహం తప్పకూడదు." పేరు పిలిస్తే ఆ మనిషి ఇంక తాళం వినదట, పిలిచినవాళ్ళ నోటి వంకే చూస్తుందట.

అలాంటి రోజుల్లో సుధ వచ్చింది. పొడుగ్గా, సన్నగా, భుజాలు ముందుకి వంచుకుని. యూనివర్సిటీలో వందమంది పిల్లల ముందు నిలబడి ఇంజినీరింగు పాఠాలు చెప్పే మనిషి, మా డాబా మీద పదిమంది ఆడవాళ్ళ మధ్య నిలబడితే గొంతు పెగిలేది కాదు. కుడి ఎడమలు తెలిసేవి కావు. గడియారం పెట్టుకున్న చేతిని చూసుకుని కదిలేది, ఆ చూసుకోవడంలో తాళం పోయేది. సహజంగానే నాకు జత అయింది. మొదటివారం నా వేళ్ళు వాచాయి. ఆరోగ్యం కోసం వచ్చావా అమ్మాయ్ అని అడిగితే, "లేదాంటీ, నాకు ఎక్కడా ఎవరితో కలవడం రాదు. ఇక్కడైనా వస్తుందేమోనని" అంది. ఆ మాటతో నా విసుగు కొంచెం తగ్గింది. కొంచెమే.

ఏడాది తిరిగేసరికి సుధ వేసేది. గొప్పగా కాదు. కానీ తన చోటు తనకి తెలిసేది. పక్కవాళ్ళతో నవ్వేది, మెట్లు దిగుతూ ఎవరింట్లో ఏం కూరో అడిగేది. ఆ మార్పు చూస్తే నాకే ముచ్చటేసింది. మాస్టారు మాత్రం నన్ను చూసి తల ఊపారంతే.

అప్పుడు బాపట్ల పోటీలు వచ్చాయి. మా బృందం స్టేజీ ఎక్కడం అదే మొదలు. జడ కోలాటం వెయ్యాలని పెద్ద టీచరుగారు నిర్ణయించారు. పైన ఒక చక్రానికి రంగురంగుల తాళ్ళు కట్టి వేలాడదీస్తారు. ఒక్కొక్కరూ ఒక్కో తాడు కొస పట్టుకుని, సగంమంది ఇటు, సగంమంది అటు తిరుగుతూ, ఒకరిని లోపలినుంచి ఇంకొకరిని బయటినుంచి దాటుకుంటూ పోతే పైన తాళ్ళు జడలా అల్లుకుంటాయి. తర్వాత అదే దారిన వెనక్కి తిరిగితే జడ విడిపోతుంది. దీనిలో ఒక తిరకాసు ఉంది. అల్లేటప్పుడు ఎవరైనా లోపలికి పోవలసింది బయటికి పోయినా ఎవరికీ తెలియదు, జడ బాగానే కనిపిస్తుంది. విప్పేటప్పుడు మాత్రం అక్కడ బిగుసుకుంటుంది. విడిపోవాలంటే తప్పిన మనిషి మళ్ళీ అక్కడ అలాగే తప్పాలి. అంటే, తను తప్పానని ఒప్పుకోవాలి.

సుధని తప్పించి ఇంకెవరినైనా పెడదామని పెద్ద టీచరుగారు మాస్టారిని అడిగారు. మాస్టారు కుదరదన్నారు. ఆవిడ మొహం ముడుచుకుంది.

బాపట్లలో ఆ సాయంత్రం బాగానే మొదలైంది. సుధ ఒక్క అడుగు తప్పలేదు. నేను ఆ పిల్ల ఎదురుగా ఉన్నాను, కళ్ళారా చూశాను. తప్పింది పెద్ద టీచరుగారు. ముందు వరస కుర్చీల్లో ఆవిడకి తెలిసిన అధికారి ఒకాయన కూర్చుని ఉన్నారు. ఆయన చెయ్యెత్తగానే ఈవిడ కోలలు రెండూ ఒక చేతిలోకి మార్చి, తాడుతో సహా దండం పెట్టారు. ఆ దండం పెట్టడంలో సుధని లోపలినుంచి దాటాల్సింది బయటినుంచి దాటేశారు. జడ పూర్తయింది. జనం చప్పట్లు కొట్టారు. వెనక్కి తిరిగాం. సగం విప్పేసరికి జడ బిగిసింది. బిగిసిన చోట అడుగున ఇరుక్కుంది సుధ తాడు. అందరి తాళ్ళూ వదులుగా ఉంటే ఆ పిల్ల తాడు ఒక్కటే పైకి లాక్కుపోయింది, తను మునివేళ్ళ మీద నిలబడి, చెయ్యెత్తి పట్టుకుని ఉంది. చూసేవాళ్ళందరికీ కనిపించింది ఆ చెయ్యే.

మాస్టారు స్టేజీ కిందనుంచి చూశారు. ఆయనకి మొత్తం కనబడింది, సందేహం లేదు. "బయటినుంచి వెళ్ళినవారు బయటినుంచే రండమ్మా" అని పిలిచారు. ఎవరూ కదల్లేదు. మళ్ళీ అదే పిలిచారు, అదే గొంతుతో, ఎవరి వంకా చూడకుండా. నేను పెద్ద టీచరుగారి వైపు తిరిగి, మీరేనండీ అని చిన్నగా అన్నాను. ఆవిడ నా మాట విననట్టు సుధ చేతి వంక చూశారు. ఆవిడని చూసి మిగతావాళ్ళూ సుధనే చూశారు. ఇంతలో మా టైము అయిపోయిందని గంట కొట్టారు. చిక్కుపడ్డ తాళ్ళు అలాగే వదిలేసి స్టేజీ దిగాం.

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో ఒక్కొక్కరే మొదలుపెట్టారు. కొత్తవాళ్ళని స్టేజీ ఎక్కిస్తే ఇలాగే ఉంటుందని ఒకరు, ముందే అనుకున్నామని ఇంకొకరు. సుధ కిటికీ పక్కన కూర్చుని ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. తప్పింది సుధ కాదు, పెద్ద టీచరుగారు దండం పెడుతూ బయటికి పోయారు, అని అందరి ముందూ చెప్పేశాను.  పెద్ద టీచరుగారు మొహం జేవురించి, మాస్టారినే అడగండి, ఆయన కింద నుంచి చూశారుగా అన్నారు.

అందరం మాస్టారి వైపు తిరిగాం. ఆయన డ్రైవరు పక్కన కూర్చుని ఉన్నారు. వెనక్కి తిరగలేదు. "పిలుపు నాదే ఆలస్యమైందమ్మా. వాళ్ళెవరిదీ తప్పు కాదు" అన్నారు.

ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్ళని చూశాను. ఆడలేనివాళ్ళ కోసం, నేనే ఓడు అన్న మద్దెలని అప్పుడే చూశాను. ఆ మాటతో నేను అబద్ధాలకోరునయ్యాను. పెద్ద టీచరుగారు కడిగిన ముత్యమయ్యారు. మాస్టారిది మంచితనం, సుధని కాపాడ్డానికి తన మీద వేసుకున్నారు అని అందరూ ఇంకా గట్టిగా నమ్మారు. అంటే, తప్పింది సుధేనని ముద్ర పడిపోయింది. ఆయన దించాలనుకున్న బరువు ఆ పిల్ల నెత్తినే పెట్టారు.

ఆ తర్వాతివారం సుధ రాలేదు. ఫోన్ చేస్తే పరీక్షల పేపర్లు దిద్దాలంది. ఆ పేపర్లు అలా సాగుతూనే పోయాయి. కొన్నాళ్ళకి పెద్ద టీచరుగారు ఒక కుర్రాడిని పిలుచుకొచ్చారు. సెల్‌ఫోనులో పాటలు, కోపుల పేర్లు రికార్డు చేసి స్పీకరులో వేస్తాడు. మాస్టారికి శాలువా కప్పి, ఫొటో తీసి, సెలవు చెప్పారు. ఆయన శాలువా మడిచి చంకన పెట్టుకుని, చెప్పులు వేసుకుని మెట్లు దిగారు.

నేను ఆయన్ని మళ్ళీ తెనాలి స్టేషన్లో పట్టుకున్నాను. ఇంకో వీధిలో ఎవరికో నేర్పి వెళుతున్నారు, రేపల్లె బండి ఇంకా పెట్టలేదు. పక్కన కూర్చుని ఉన్నదంతా కక్కేశాను. నేను చెప్పింది నిజమా కాదా చెప్పమన్నాను. నిజమేనమ్మా అన్నారు. మరి వ్యానులో ఎందుకు చెప్పలేదు?

ఆయన పట్టాల వంక చూస్తూ అన్నారు. "పెద్ద టీచరుగారి పేరు నలుగురిలో చెబితే ఆవిడ ఇంక కోల పట్టదమ్మా. ఆవిడకి అది తట్టుకునే శక్తి లేదు. సుధమ్మ కుర్రది, గట్టిది. నాలుగు రోజులు బాధపడి మళ్ళీ వస్తుంది."

"రాలేదు మాస్టారూ."

"వస్తుందమ్మా."

నాకు ఎక్కడో కాలింది. ఈ మనిషి ఇన్నాళ్ళూ బలమున్నవాళ్ళ పక్కన బలం లేనివాళ్ళని నిలబెట్టారు. ఇక్కడ కూడా అదే చేశానని అనుకుంటున్నారు. కాకపోతే ఆయన లెక్కలో బలం లేనిది పెద్ద టీచరుగారు, బలమున్నది సుధ. అది ఆ పిల్లకి చెప్పి చేశారా? నువ్వు మొయ్యగలవు కనుక మొయ్యి అని అడిగారా? ఇదంతా అడుగుదామనుకునేలోగా బండి వచ్చింది. ఆయన లేచి, వేళ్ళు జాగ్రత్తమ్మా అని, ఎక్కేశారు. నా వాచిన వేళ్ళ సంగతి ఆయనకి అంతకాలం గుర్తుందని అప్పుడు తెలిసింది. దానికీ కోపమే వచ్చింది. అవి గుర్తున్న మనిషికి సుధని అడగాలని ఎందుకు తట్టలేదు?

పెద్దకర్మ నాడు సుధా నేనూ కలిసి రేపల్లె పాసింజరు ఎక్కాం. ఆయన నేర్పిన మూడు ఊళ్ళ బృందాలూ వచ్చి ఆయన ఇంటిముందు కోలాటం వెయ్యాలని అనుకున్నారు. దారిలో సుధ ఒక సంగతి చెప్పింది. మాస్టారు ఒకసారి వడ్లమూడి వచ్చారట. యూనివర్సిటీ గేటు దగ్గర చెట్టు నీడలో నిలబడి, పిల్లల చేత కబురు పంపించి, ఆమెని పిలిపించారట. మళ్ళీ రామ్మా అన్నారట.

"నేనాయన్ని ఒకటే అడిగానాంటీ. నేను తప్పానా అని. లేదమ్మా అన్నారు. అయితే ఆ మాట అందరి ముందూ చెప్పండి, రేపే వస్తానన్నాను.  అదొక్కటీ నాకు చేతకాదమ్మా అన్నారు. అలా అంటుంటే ఆయన్ని చూడలేకపోయాను."

 ఎంతమందికి అడుగులు నేర్పిన మనిషి. ఒక్క పేరు పలకడం చేతకాలేదట.

ఆయన ఇల్లు చిన్నది, ముందు పందిరి వేశారు. భోజనాలయ్యాక ఆడవాళ్ళందరం వలయం కట్టాం. బాపట్లవాళ్ళు, రేపల్లెవాళ్ళు, మేము. పెద్ద టీచరుగారు కూడా వచ్చారు. సుధని చూసి, బాగున్నావా అమ్మా అని పలకరించారు, సుధ బాగున్నానండి అంది. స్పీకరు కుర్రాడు మా ఊరి పాటలు తప్ప ఏమీ తేలేదు, మిగతావాళ్ళకి అవి రావు. అందరికీ ఉమ్మడిగా వచ్చినవి మాస్టారి కోపులే. ఎవరు పిలుస్తారని చర్చ మొదలైంది. మా తెనాలివాళ్ళలో ఒకావిడ నన్ను చూపించి, ఈవిడ ఎప్పుడూ ఆయన పక్కనే ఉండేవారండి అంది. నిజమే. కొత్తవాళ్ళని ఆయన తన దగ్గరే నిలబెట్టుకునేవారు. కొత్తవాళ్ళకి జతనైన పాపానికి నేనూ అక్కడే. ఆయన నోట్లో గొణుక్కునే ముందస్తు పిలుపులు కూడా నా చెవిన పడేవి. అలా నా చేతికి విజిల్ వచ్చింది.

పిలవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. మూడు ఊళ్ళ అలవాట్లు మూడు. బాపట్లవాళ్ళు తొందరగా తిరుగుతారు, రేపల్లెవాళ్ళు నింపాదిగా. ఆట వచ్చినవాళ్ళూ రానివాళ్ళూ కలిసిపోయారు. నా పిలుపు ఒకసారి ముందు పడుతోంది, ఒకసారి వెనక పడుతోంది. అయినా నాలుగు కోపులు ఎలాగో నడిచాయి. ఐదోది గొలుసులా ఒకరిని లోపలినుంచి ఒకరిని బయటినుంచి దాటే కోపు. అందులో పెద్ద టీచరుగారికీ సుధకీ ఎదురు పడింది. ఆవిడ మళ్ళీ లోపలికి పోవాల్సింది బయటికి వచ్చారు. ఇద్దరూ భుజాలు గుద్దుకున్నారు, సుధ కోల కింద పడింది. వలయం ఆగింది.

అందరూ సుధ వంక చూశారు. బాపట్లవాళ్ళకీ రేపల్లెవాళ్ళకీ ఏమీ తెలియదు, కింద కోల చూసి చూశారు. మా తెనాలివాళ్ళు మాత్రం పాత అలవాటు కొద్దీ చూశారు. సుధ వంగి కోల తీసుకుంది. ఆ భుజాలు మళ్ళీ ముందుకి వంగిపోయాయి, మొదటిరోజున ఉన్నట్టే.

నాకు తెలుసు ఆయనైతే ఏమంటారో. లోపలివారు లోపలికమ్మా అంటారు, మొదటికి పిలుస్తారు. ఆ పిలుపు నా నోటి దాకా వచ్చింది. నేను విజిల్ తీసేశాను.

"పెద్ద టీచరుగారూ, తప్పింది మీరండి. సుధ కాదు. బాపట్లలో తప్పింది కూడా మీరే."

అంతమందిలో, ఆయన ఫొటో ముందు, అనేశాను.  పెద్ద టీచరుగారు నా వంక చూశారు. కాదనలేదు. అవుననీ అనలేదు. "కాళ్ళు లాగుతున్నాయమ్మా, కాసేపు కూర్చుంటాను" అని పక్కకి వెళ్ళి ఒక కుర్చీలో కూర్చున్నారు. కోలలు ఒళ్ళో పెట్టుకుని, వాటి మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. అన్నేళ్ళలో ఆవిడ వయసు నాకు కనిపించింది అప్పుడే. నాకు సంతోషం కలగాలి కదా. ఇన్నాళ్ళూ ఈ మాట కోసమే కదా మండిపోయాను. కలగలేదు. సుధ మొహంలోనూ లేదు. బండిలో తిరిగి వచ్చేటప్పుడు, అనకుండా ఉండాల్సిందేమో ఆంటీ అంది. నువ్వు అందరి ముందూ చెప్పమన్నావుగా అన్నాను. అవును, చెప్పమన్నాను, అంది.

ఇప్పుడు తెనాలి డాబా మీద నేనే పిలుస్తున్నాను. సుధ వస్తోంది, భుజాలు నిటారుగా పెట్టుకుని వస్తోంది. మా వాళ్ళు ఆ పిల్లతో మళ్ళీ నవ్వుతున్నారు. పెద్ద టీచరుగారు రావడం లేదు. ఇంటికి వెళ్ళి రమ్మంటే కాఫీ ఇచ్చి మోకాళ్ళ గురించి మాట్లాడారు. మాస్టారు స్టేషన్లో చెప్పింది అక్షరాలా జరిగింది. ఆయన అబద్ధం చెప్పారు, ఒక మనిషి పోయింది. నేను నిజం చెప్పాను, ఇంకో మనిషి పోయింది. ఇద్దరూ వలయంలో ఉండే పిలుపు ఏదో ఉండే ఉంటుంది. అది ఆయనకి తెలిసి ఉంటే నాకు నేర్పకుండా పోయారు. తెలియకపోతే, తెలిసినట్టు అంత నిబ్బరంగా ఎందుకున్నారు? ఎవరిని అడగను?

నిన్న సాధనకి అందరూ వచ్చాక జతలు కడితే ఒకరు తక్కువయ్యారు. కోలాటానికి బేసి పనికిరాదు. నేను పిలుస్తున్నాను కనుక నేను దిగలేను. మిగిలిపోయింది సుధ, ఎదురుగా ఎవరూ లేకుండా. కోలలు నాకిచ్చి, పెద్ద టీచరుగారింటికి వెళ్ళి పిలుచుకొస్తానంది. ఆవిడ రాదు, నాకు తెలుసు. ఆ మాటే చెబుదామనుకునేలోగా సుధ మెట్లు దిగిపోయింది. మిగతావాళ్ళు మొదలుపెడదామా అని నన్ను చూశారు. ఉండండి, వస్తారేమో, అన్నాను.